ఎవరిదీ కాని అరుగు

చదివేవాళ్లకు ముందుగా ఒక మాట. నేను అక్షరాలు దిద్దింది జుట్టు నెరిశాక, మనవరాలి పలక మీద. శ, ష, స లతో నాకు ఇప్పటికీ తగువే. ఒత్తు పడాల్సిన చోట పడకపోతే మీరే వేసుకుని చదువుకోండి. రాయడం కూడా నెమ్మదే. వకుళకు వంతెన కట్టడానికి పట్టిన కాలం కంటే నాకు ఈ అధ్యాయం రాయడానికే ఎక్కువ పట్టిందేమో. కథ మాత్రం నాలా కుంటదు. పదండి.

గండశిల రాజు రణధీరవర్మ కొలువు ఆ ఉదయం కన్ను తిప్పుకోనివ్వకుండా ఉంది. పగడాలు తాపిన స్తంభాలు, నెమలికన్నులు కుట్టిన చాందినీ, అడుగు పెడితే మడమ దాకా దిగబడే తివాచీలు. ఒక సింహాసనం మీద రాజు. పక్కనే వేసిన దంతపు పీఠం మీద, యుద్ధం ముగిశాక మొదటిసారి ఈ గట్టుకు వచ్చిన తామరకోన రాణి కాంచనమాల. రాజు వెనక నీడలా రాజగురువు కాకదంతుడు. నవ్వితే చింతగింజల్లాంటి పళ్లు కనిపిస్తాయి కనుక అతడు నవ్వడం ఎవరికీ ఇష్టం ఉండదు.

వాళ్ల ముందు నేల మీద శిల్పి వజ్రాచార్యుడు మోకాళ్ల మీద కూర్చుని వెదురు పుల్లలతో, నారతాళ్లతో చేసిన చిన్న వంతెనను పేరుస్తున్నాడు. ఆ శిల్పి గడ్డం మేక వెంట్రుకలు. దాన్ని పట్టి ఉంచింది తుమ్మబంక. ఆ గడ్డం చాటున ఉన్నది వకుళ.

గండశిలకూ తామరకోనకూ నడుమ పారే భైరవేటి మీద పాత వంతెనకు తాళ్లు పేనే కొమ్మన ఆమె మొగుడు. రెండు రాజ్యాల జనం కలిసి చేసుకునే జాతర రోజున, వంతెన నిండా మనుషులు ఉండగా, కాకదంతుడు గట్టు మీద నిలబడి ఒక మంత్రంతో తాళ్లన్నీ తెంపేశాడు. ఏటి అడుగున ఉన్న క్షుద్రదేవతకు అది అతడిచ్చిన బలి. చూసినది వకుళ ఒక్కతే. తెంపింది అవతలివాళ్లేనని రెండు గట్లూ నమ్మాయి, కత్తులు దూశాయి. కొమ్మన శవం దొరకలేదు. ఆ రోజు ఆ వంతెన మీద ఉన్నవాళ్లలో ఎవరి శవమూ దొరకలేదు.

కాకదంతుడు నేల కూలేదాకా ఉప్పు ముట్టనని వకుళ ఒట్టు పెట్టుకుంది. ఒట్టు సులువే, కూల్చడమే కష్టం. బలి పుచ్చుకున్న దేవత అతనికి వరమిచ్చింది. అతని రాజు ఏలే మట్టి కాలి కింద ఉన్నంతసేపు అతన్ని ఏ ఆయుధమూ గుచ్చదు, అతని మంత్రం తప్పదు. ఈ గుట్టు నల్లకొండ గుహలో తలకిందులుగా వేలాడే రాతిగబ్బిలం నోటి నుంచి ఆమె రాబట్టింది. ఆ తర్వాతే గడ్డం అతికించుకుంది.

"ఆచార్యా," అన్నాడు రాజు, వంగి చూస్తూ. "ఇందులో రథం పోయే దారేదీ?"

"లేదు ప్రభూ. రథం పోదు, ఏనుగు పోదు, గుర్రం పోదు. రెండు కొసలా నిటారు మెట్లు పెట్టాను. మనిషి ఎక్కుతాడు. మేక ఎక్కుతుంది."

రాణి పైట చాటున నవ్వింది. "మేకలతో దండెత్తి వచ్చినవాళ్ల కథ నేనైతే వినలేదు. బాగుంది."

కాకదంతుడు ముందుకు వచ్చి చిటికెన వేలితో వంతెన నడిమిని చూపించాడు. "ఈ గుండ్రటి పళ్లెం ఏమిటి?"

"అరుగు స్వామీ. నడిచి అలిసినవాళ్లు కూర్చోవడానికి. చుట్టూ పిట్టగోడంత చెక్కకట్ట, పైన తాటాకు నీడ, ఒక మూల మంచినీళ్ల కుండలు. అటువాళ్లు గాజులు తెచ్చి అమ్ముకోవచ్చు. ఇటువాళ్లు పెళ్లిసంబంధాలు మాట్లాడుకోవచ్చు. దాటి పోవడానికే అయితే పడవ చాలదా?"

ఆ చివరి మాట కొమ్మనది. పాత వంతెన మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చుని ఎన్నిసార్లు అన్నాడో. వకుళ వంగి ఒక వెదురు పుల్లను సర్దింది.

"అరుగు సరే. ఎవరి అరుగు? సరిహద్దు గీత ఎక్కడ?"

"గీత గీస్తే దాని మీద ఒక కావలివాడు నిలబడతాడు స్వామీ. వాడికి ఎదురుగా ఇంకొకడు. పొద్దుగూకేలోగా ఇద్దరి చేతుల్లోనూ ఈటెలు. అందుకే గీత లేదు. ఏలినవారు ఇద్దరూ ఈ అరుగును నడిచేవాళ్లకు ధారపోయాలి. దీని మీద ఏ రాజు ఏలుబడీ ఉండకూడదు. అది ఒప్పుకుంటేనే నేను ఉలి పట్టుకుంటాను."

కొలువులో గుసగుసలు లేచాయి. మంత్రులు గడ్డాలు గోక్కున్నారు. వకుళ మాత్రం గోక్కోలేదు, బంక ఊడుతుందని. యుద్ధంలో కొడుకును పోగొట్టుకున్న రణధీరవర్మ ఆ వెదురు బొమ్మను ఒకసారి తడిమి చెంబు తెప్పించాడు. రాణి అతని చెయ్యి కింద తన చెయ్యి పెట్టింది. ఇద్దరి వేళ్ల మీదుగా నీళ్లు జారి ఆ బుల్లి అరుగు మీద పడ్డాయి. అది ఇక ఎవరి నేలా కాదు.

ఆ నీటిధారను చూస్తే కాకదంతుడి గుండె జారాలి. అతడు నవ్వాడు. ఆ చింతగింజల నవ్వు వకుళకు ఒళ్లంతా ముళ్లలా దిగింది.

పని మొదలైంది. గండశిల వైపు ఎర్రమట్టి గట్టున ఒక బురుజు, తామరకోన వైపు నల్లరేగడి గట్టున ఒక బురుజు. వాటి నడుమ, మదపుటేనుగు తొండమంత లావు తాళ్లు. కింద భైరవేరు, కొండ చీలికలోంచి పొగరుబోతు గిత్తలా దూకి, నల్లరాళ్ల మీద నురుగు కక్కుతూ, సుడులు తిరుగుతూ, ఆకాశం మీద అలిగినట్టు గర్జిస్తూ పోతుంది. పొద్దున్న పసుపు, మధ్యాహ్నం వెండి, సాయంత్రం కుంకుమ. చూసేవాడికి ముచ్చట, పడ్డవాడికి పాతాళం.

అరుగు అడుగున ముళ్లు బిగించడానికి వకుళ ఒక వెదురుబుట్టలో కూర్చుని తాడుతో కిందికి దిగిన రోజున, కొండ మీది నుంచి ఇనుపముక్కు గద్ద వచ్చింది. దాని రెక్కలు తాటాకు కప్పులంత. మొదటి పోటుకే బుట్టను మోసే తాళ్లలో ఒకటి టప్పున తెగింది. బుట్ట వాలింది. ఉలి, సుత్తి, చద్దిమూట ఏట్లో పడ్డాయి. రెండో పోటు ఆమె తలకు గురిపెట్టింది. వకుళ తల వంచింది. గద్ద ముక్కు అరుగు దూలంలో పిడిదాకా దిగిన కత్తిలా దిగబడిపోయింది. అది పీక్కోవడానికి గిలగిలలాడుతుంటే, తాళ్లకు పూసే మరిగిన గుగ్గిలం గిన్నె పైనుంచి అందుకుని దాని రెక్కల మీద గుమ్మరించింది. గద్ద అంటుకుపోయిన రెక్కలతో రాయిలా ఏట్లోకి పోయింది. వకుళ పళ్లతో తాడు పట్టుకుని పైకి పాకింది. పాకుతూ చెయ్యి గడ్డం మీద వేసి చూసుకుంది. ఉంది.

"ఏటి ఆచారీ, పచ్చి నీళ్లలా సల్లగా ఉన్నావు?" అంది పైన నిలబడ్డ పోలమ్మ. భైరవేటి మీద పడవ నడిపి నడిపి చేతులు తెడ్లలా అయిపోయిన ముసలిది. వకుళ ఎవరో ఎరిగినది ఆమె ఒక్కతే. జాతర రోజున ఆమె కూతురు కూడా ఆ వంతెన మీదే ఉంది.

"వాడు పంపాడు పోలత్తా. అనుమానం వచ్చినట్టుంది."

"అనుమానం వస్తే రానీ. ఆడి కాలు అరుగు మీద పడితే సాలు కదా."

ఆ కాలు పడే రోజు తొందరగానే వచ్చింది. వంతెన పూర్తయిందని విని, ముహూర్తానికి ముందు తానొకసారి చూడాలని కాకదంతుడు కబురు పెట్టాడు. వకుళ అరుగు నడిమధ్య, రెండు చెక్కల సందులో, విషం పూసిన తుమ్మముల్లు నిలబెట్టింది. ఏ మంత్రమూ కాపాడని చోట ఒక్క ముల్లు చాలు.

అతడు మెట్లెక్కి వచ్చాడు. కాళ్లకు జింకతోలు చెప్పులు, అరిటిదూటంత మందం. పక్కన వజ్రాచార్యుడు తాళ్ల నాణ్యం వర్ణిస్తున్నాడు. కాలు లేచింది. కాలు పడింది. సరిగ్గా ముల్లు మీద.

ముల్లు మైనపుపుల్లలా వంగిపోయింది.

"మంచి అరుగు," అన్నాడు కాకదంతుడు. అక్కడే నిలబడి రెండు వేళ్లు ఆడించాడు. మూలనున్న నీళ్లకుండ దానంతట అదే గాల్లో లేచి వకుళ తల చుట్టూ ఒకసారి తిరిగి, నీళ్లన్నీ అరుగు మీద కుమ్మరించి పగిలింది. "ఎవరి నేలా కాదన్నావు కదా ఆచార్యా. ఎందుకైనా మంచిదని చూశాను."

అతడు వెళ్లాక వకుళ చెక్కల మీద చతికిలబడింది. ఇంత కట్టీ, ఇంత పాకీ, వాడి మంత్రం ఇక్కడా తప్పలేదు. రాతిగబ్బిలం అబద్ధమాడిందా? పోలమ్మ గొణుక్కుంటూ పెంకులు ఏరి, గుడ్డతో తడి ఒత్తబోయి ఆగిపోయింది.

"ఇదేటమ్మా. ఇటు సూడు."

తడిసిన చెక్కల మీద అడుగుల జాడలు. కాకదంతుడు నిలబడిన చోటల్లా చెప్పు కుట్టులోంచి ఎర్రటి బురద కారి, అరిపాదం అచ్చులా పరుచుకుంది. గండశిల ఎర్రమట్టి.

వకుళకు అంతా ఒక్కసారిగా అర్థమైంది. చెప్పు రెండు పొరల మధ్య మట్టి కూరుకున్నాడు. ఎక్కడికి పోయినా వాడి రాజు నేల వాడి కాళ్ల కిందే ఉంది. అందుకే నవ్వాడు.

"ఆ సెప్పులు ఆడు నిద్దరలో కూడా తియ్యడంట," అంది పోలమ్మ. "గండశిల సాకలోళ్లు సెప్పుకుంటారు. పక్కదుప్పట్లు ఉతికితే ఎర్రనీళ్లే."

"రాజు ముందు తీస్తాడా?"

"తియ్యడు. గురువు కదా."

"గుడి ముందు?"

"ఈడు గుడికెప్పుడెల్లాడు?" పోలమ్మ గుడ్డ పిండుతూ ఆలోచించింది. "అన్నం కాడ తీస్తాడేమో. ఎంతటోడైనా ఇస్తరి ముందుకు సెప్పులతో వస్తాడేటి? అందులో వంద మంది సూస్తుంటే."

వకుళ లేచి నిలబడింది. ఆ సాయంత్రమే వంతెన నమూనా మారిపోయింది. అరుగు ఒక పక్కన పొయ్యిలు లేచాయి, మరో పక్కన గంగాళాలు చేరాయి. వంతెన తెరిచే రోజున రెండు రాజ్యాలకూ అక్కడ ఒకే బంతి భోజనమని, రాజు పక్కన కుమ్మరి, రాణి పక్కన బెస్తవనిత కూర్చుంటారని దండోరా వేశారు. ఇద్దరు ఏలికలూ సంతోషంగా ఒప్పుకున్నారు. కాకదంతుడికి కాదనే వీలు లేకపోయింది.

ఆ రోజు భైరవేరు కూడా మామిడి తోరణాలు చూసుకోవడానికే అన్నట్టు నిండుగా పారింది. తాళ్లకు బంతిపూలు చుట్టారు. తాటాకు నీడకు పసుపు గుడ్డలు కట్టారు. పప్పు వాసన రెండు దేశాల మీద సమానంగా వీచింది. ఎర్రమట్టి జనం ఇటు మెట్లు, నల్లమట్టి జనం అటు మెట్లు ఎక్కి వచ్చారు. అరుగు అంచున చెప్పులు విడిచి విస్తళ్ల ముందు కూర్చున్నారు. ఒకే బంతిలో కూర్చున్నారన్న మాటేగాని, ఒకరి ముఖం ఒకరు చూడలేదు. పక్కవాడి మోచెయ్యి తగలకుండా ఒదిగారు. నా బిడ్డను నీళ్ల పాలు చేసింది వీళ్లేనని ప్రతివాడి కడుపులోనూ ఉంది.

రాజు బంగారు పాదరక్షలు విడిచాడు. రాణి పట్టు చెప్పులు విడిచింది. కాకదంతుడు అంచున ఆగాడు.

"నా పాదాలకు వాతం. వైద్యులు చెప్పులు విడవవద్దన్నారు."

"మా వైద్యుణ్ణి పిలిపించనా గురువుగారూ?" అంది రాణి, ఎంతో మర్యాదగా.

రాజు ముఖం ఎర్రబడింది. "గురుదేవా, అన్నపూర్ణ ముందు..."

వెనకాల మెట్ల మీద నిలబడిపోయిన జనంలోంచి ఎవడో గొణిగాడు. "ముందున్నాయన కదలడేంట్రా. పప్పు చల్లారిపోతాంది." ఇంకెవడో, "పెద్దోళ్లకు ఆకలుండదు కదా," అన్నాడు. నవ్వులు లేచాయి.

కాకదంతుడు చుట్టూ చూశాడు. పళ్లు కొరికి, అంచుకు ఆనుకున్న చివరి విస్తరి చూసుకుని, చెయ్యి చాపితే అందేంత దగ్గర చెప్పులు విడిచి, కూర్చున్నాడు. అతని ఉత్త పాదాలు చెక్కకు తగిలాయి. తెల్లగా, మెత్తగా, ఎండ ఎరగని పసిపిల్లవాడి పాదాల్లా ఉన్నాయి. ఎదురుగా కూర్చున్న వజ్రాచార్యుడు వాటినే చూస్తున్నాడు.

వడ్డన మొదలైంది. పోలమ్మ అన్నపు గంప చంకన పెట్టుకుని బంతి చివరిదాకా వచ్చి, అక్కడే తచ్చాడింది. అందరి విస్తళ్ల మూలల్లోనూ చిటికెడు ఉప్పు పడింది. అన్నం కలిపారు, తిన్నారు. కాకదంతుడు ఒక్క ముద్ద మింగి కళ్లు చిట్లించాడు.

"ఆచార్యా, విస్తట్లో ఉప్పు ముట్టలేదేం? తాళ్లు పేనే కొమ్మన పెళ్లాం ఒకతి ఉప్పు మానేసిందని విన్నాను. నీకూ అదే జబ్బా?"

పప్పు ఆవిరికి బంక ఎప్పుడో కరిగింది. వకుళ చేత్తో ఒక్కసారి తీస్తే గడ్డం మొత్తం ఊడి వచ్చింది. దాన్ని ఆకు పక్కన పెట్టి, చిటికెడు ఉప్పు తీసి నాలుక మీద వేసుకుంది.

"ఈ రోజుతో తగ్గింది గురువుగారూ."

కాకదంతుడు రెండు వేళ్లు ఎత్తి మంత్రం చదివాడు. గంగాళం కదల్లేదు. గట్టిగా చదివాడు. పప్పులో ఈగ కూడా లేవలేదు. అతని చెయ్యి చెప్పుల కోసం పక్కకు పాకింది. అందిన చెప్పులు తేలికగా, పల్చగా, చీలిన తోలులా ఉన్నాయి.

"మరీ బరువుగా ఉన్నాయని దులిపీసినాను బాబూ," అంది పోలమ్మ. "ఏట్లోకే."

"జాతర నాడు తాళ్లు తెంపింది తామరకోన కాదు, గండశిల కాదు," అంది వకుళ, లేచి నిలబడి. గొంతు పెంచలేదు గాని బంతి మొత్తానికీ వినిపించింది. "ఇదిగో, ఈ చెయ్యి. నా కళ్లతో చూశాను." నడుముకు చుట్టుకున్న నారతాడు విప్పి ఉచ్చు సవరించింది. కొమ్మన పేనిన తాళ్లలో మిగిలింది అదొక్కటే.

రాజు నోటి దగ్గరి ముద్ద అక్కడే ఆగింది. "పిచ్చిదానిలా ఉన్నావు. గురుదేవా, కాదని చెప్పండి."

కాకదంతుడు చెక్కకట్ట మీదికి గెంతి ఏట్లోకి దూకాడు.

వకుళకు అతని ఎత్తు తెలిసిపోయింది. భైరవేటి అడుగున సగం నేల గండశిలది. వాడి కాలు ఆ ఇసుకకు తగిలితే మళ్లీ వరం, మళ్లీ మంత్రం. ఉచ్చు గాల్లో విసిరింది. అది అతని చంకల కింద బిగిసింది. మరుక్షణం తాడు ఆమెను విస్తళ్ల మీదుగా, పప్పుగిన్నెల మీదుగా ఈడ్చుకుపోయి కట్టకేసి కొట్టింది. అరచేతుల తోలు లేచిపోయింది. కింద కాకదంతుడు గోలెత్తాడు.

"వదులు! కిందికి వదులు!"

"చూశారా ప్రభూ," అంది వకుళ, పళ్ల బిగువున. "పైకి లాగమని అడగడంలేదు."

రణధీరవర్మ చేతిలోని ముద్ద నేల మీద పడింది.

తాడు మళ్లీ జారింది. కాకదంతుడి పాదాలు నీటిలో మునిగాయి. ఇంకొంచెం జారితే అయిపోయినట్టే. అప్పుడు ఆమె వెనక ఒక చెయ్యి తాడు మీద పడింది. అది గండశిల కుమ్మరిది. వేళ్ల సందుల్లో ఎర్రమట్టి ఉంది. దాని వెనక తామరకోన బెస్తవనిత చెయ్యి. అప్పటిదాకా మోచెయ్యి తగలకుండా ఒదిగినవాళ్లు ఒకరి భుజానికి ఒకరు ఆని తాడందుకున్నారు.

"నా కొడుకు," అన్నాడు కుమ్మరి, వెనక్కి చూడకుండా.

"నా మొగుడూ, మరిదీ," అంది బెస్తవనిత. "లాగన్నా. పైకి తెచ్చాక నా వంతు మొదలు."

ఎంగిలి చేతులతో బంతి బంతంతా తాడు మీద పడింది. రాజు వచ్చి చివర పట్టుకున్నాడు. లాగారు. కాకదంతుడు నీటి మీదికి లేచాడు. అంతలో తాడు బరువెక్కింది. లాగినకొద్దీ ఇంకా బరువెక్కింది. తాళ్లన్నీ మూలిగాయి. మంత్రగాడు మొదటిసారి నిజమైన భయంతో కేక పెట్టాడు. వకుళ కట్ట మీదుగా వంగి చూసింది.

అతని చీలమండను ఒక చెయ్యి పట్టుకుని ఉంది.

నీళ్లలోంచి లేచిన ఆ చెయ్యి పాలిపోయి, నాచు పట్టి ఉంది. పట్టు మాత్రం బతికున్న మనిషిది. దాని మణికట్టుకు రాగికడియం. దాని అంచున ఒక చొట్ట. పెళ్లైన కొత్తలో అది కొమ్మన చేతికి ఎక్కక, వకుళే సుత్తితో కొట్టి ఎక్కించింది. ఆ చెయ్యి వెనక, నీటి లోతున, దాన్ని పట్టుకుని ఇంకొక చెయ్యి, దాన్ని పట్టుకుని మరొకటి. జాతర రోజున పోయినవాళ్లందరూ గొలుసులా.

"నేను చస్తే వాళ్లూ చస్తారు," అని కిందినుంచి ఏడ్చినట్టు అరిచాడు కాకదంతుడు. "వాళ్ల ఊపిరిని నా ప్రాణానికే ముడిపెట్టింది దేవత. కోయకు తల్లీ."

వకుళ నడుములోని కత్తి అప్పటికే చేతిలోకి వచ్చి ఉంది. తాడు మీద ఆనించి ఉంది. కోస్తే ఆ చేతులు వాడి కాలిని ఇసుక ముట్టనివ్వకుండానే ముంచేస్తాయి. ఈ క్షణం కోసమే ఆమె ఇన్నాళ్లూ చప్పిడి మెతుకులు మింగింది. నాలుక మీద ఉప్పు ఇంకా కరగలేదు.

కత్తిని కట్టలోకి గుచ్చి వదిలేసి, తోలు లేచిన చేతులతో తాడు మళ్లీ పట్టుకుంది.

"లాగండి," అంది. "వాళ్లు గట్టెక్కాలి. వీణ్ణి చంపాలంటే ముందు బతికించాలి."

ఇది రాసినది కోరాడ అప్పలనరసమ్మ. వయసు అరవై ఎనిమిది. ప్రస్తుతం పార్వతీపురంలో, చెల్లెలి కొడుకు ఇంటి మేడ మీది గదిలో ఉంటున్నాను.